గోధుమ లేని జపనీస్ కర్రీ: రూ ఇంట్లోనే చేసుకునే పద్ధతి

నిషికసాయి_అమ్మ

సభ్యులందరికీ నమస్కారం. మేము టోక్యోలోని నిషికసాయిలో ఉంటున్నాము. మా అబ్బాయికి సీలియాక్ వ్యాధి, అంటే గోధుమ, బార్లీ, రైలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పడని జబ్బు, ఉన్నట్లు వైద్యులు నిర్ధారించినందున ఆ ధాన్యాలను ఇంట్లోకి రానివ్వడం లేదు. మన వంటలతో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా బడిలో పెట్టే మధ్యాహ్న భోజనంతోనే. కర్రీ అన్నం పెట్టే రోజు కోసం పిల్లలందరూ ఎదురుచూస్తారు. ఆ రోజున మావాడికి ఇంటి నుంచి ఫుడ్ జార్‌లో పంపడానికి బడివారు ఒప్పుకున్నారు. అయితే వాడు అడుగుతున్నది మన కోడికూర కాదు, పక్కవాడి పళ్ళెంలో ఉన్న కర్రీనే. అది చిక్కగా, ముదురు రంగులో, కాస్త తియ్యగా, కారం తక్కువగా ఉండాలి.

ఇండియా నుంచి తెచ్చుకున్న బియ్యప్పిండిని నీళ్ళలో కలిపి చివర్లో పోశాను. చిక్కదనం వచ్చింది కానీ ఆ కమ్మదనం రాలేదు. జార్‌లో మధ్యాహ్నం వరకు ఉండేసరికి ముద్దలా గట్టిపడింది కూడా. రూ, అంటే కొవ్వులో పిండి వేయించి కర్రీ పొడి కలిపిన ముద్ద, లాంటిది గోధుమపిండి లేకుండా చేయడం సాధ్యమేనా? సోయా సాస్, వూస్టర్ సాస్‌ల బదులు ఏమి వాడాలి? అనుభవం ఉన్నవారు వివరంగా తెలియజేయగలరు.

యొకొహామా_వంటిల్లు

నమస్కారమండి. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. పిండిని చివర్లో నీళ్ళతో కలిపి పోస్తే చిక్కదనం మాత్రమే వస్తుంది. జపాన్ కర్రీలో పిండికి ఇంకొక పని కూడా ఉంది. కొవ్వులో వేగి, రంగు మారి, కర్రీ పొడి వాసనను తనలో పట్టి ఉంచే పని అది. ఈ పద్ధతి మెయిజీ కాలంలో (1868–1912) ఆంగ్లేయుల ద్వారా జపాన్‌కు వచ్చింది. 1908 నాటి జపాన్ నౌకాదళ వంటల పుస్తకంలో కూడా కొవ్వులో పిండి వేయించి కర్రీ పొడి కలపమనే చెప్పారు. కాబట్టి గోధుమపిండి తీసేసినప్పుడు దాని స్థానంలో ఒకే వస్తువును పెట్టి ఊరుకోకుండా, అది చేస్తున్న పనులను విడివిడిగా చూసుకోవాలి.

నలుగురికి సరిపడే నా కొలతలు ఇవి. వెన్న 40 గ్రాములు, బియ్యప్పిండి 40 గ్రాములు, కర్రీ పొడి రెండు టేబుల్ స్పూన్లు, నీళ్ళు 800 మిల్లీలీటర్లు, ఎముక లేని కోడి తొడ మాంసం 350 గ్రాములు, పెద్ద ఉల్లిపాయలు రెండు, ఒక క్యారెట్, రెండు బంగాళాదుంపలు, సగం ఆపిల్ తురుము, అల్లం వెల్లుల్లి కొద్దిగా, కెచప్ ఒక టేబుల్ స్పూను, గోధుమ లేని తమారి (ప్రధానంగా సోయాతో చేసే ఒక రకం సోయా సాస్) ఒక టేబుల్ స్పూను, ఉప్పు రుచికి తగినంత.

ముందుగా బియ్యప్పిండిని పొడి మూకుడులో సన్నటి సెగ మీద, పచ్చివాసన పోయి లేత బిస్కట్ రంగు వచ్చేవరకు వేయించండి. గోధుమపిండి వెన్నలోనే త్వరగా రంగు తిరుగుతుంది, బియ్యప్పిండి అలా తిరగదు. వెన్నలోనే వేయిస్తూ రంగు కోసం ఎదురుచూస్తే వెన్న మాడిపోతుంది. అందుకే పొడిగా వేయించడం ముందు, వెన్న తరువాత. వేగిన పిండిలో వెన్న వేసి, తడి ఇసుకలా అయ్యాక పొయ్యి ఆపి, ఆ వేడిమీదే కర్రీ పొడి కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే మసాలా చేదెక్కుతుంది. చిన్న స్టీలు డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే అంగట్లో దొరికే రూ దిమ్మలాగే గట్టిపడుతుంది. ముక్కలుగా కోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.

ఉల్లిపాయల విషయంలో తొందరపడవద్దు. సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు వేసి, అడుగంటినప్పుడల్లా ఒక చెంచా నీళ్ళు చిలకరించి గీకుతూ, ముదురు తేనె రంగు వచ్చేవరకు మగ్గించాలి. అరగంటకు తక్కువైతే నాకు నచ్చదు. గోధుమ రూ తీసేయడం వల్ల పోయిన కమ్మదనంలో ఎక్కువ భాగం ఇక్కడే తిరిగి వస్తుంది. తరువాత మాంసం, కూరగాయలు వేయించి, నీళ్ళు పోసి, ఆపిల్ తురుము, కెచప్ వేసి, ముక్క మెత్తబడే వరకు ఉడికించాలి. అప్పుడు పొయ్యి ఆపి, రూ ముక్కలు వేసి పూర్తిగా కరిగాక, మళ్ళీ సన్నటి సెగ మీద పది నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. మరుగుతున్న నీళ్ళలో దిమ్మ వేస్తే పైపొర ముందే ఉడికి లోపల పిండి పిండిగా మిగులుతుంది. తమారి చివర్లో కలపాలి.

పిండిమర_కబుర్లు

అద్భుతంగా వివరించారు. నేనుండేది హైదరాబాదులో. బియ్యప్పిండి గురించి ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. ఇక్కడ వీధి గిర్నీలో ఒకే రాళ్ళ మధ్య ముందు గోధుమలు, వెనువెంటనే మన బియ్యం పోస్తారు. మొదట వచ్చే రెండు గుప్పెళ్ళ పిండి పక్కన పెట్టినంత మాత్రాన మర శుభ్రపడదు. నేను అరిసెలకు చేసినట్లే బియ్యం కడిగి, నానబెట్టి, వడకట్టి, నీడన ఆరబెట్టి, ఇంట్లో మిక్సీలో పట్టి జల్లించుకుంటాను. ఆ మిక్సీ జార్, ఆ జల్లెడ మరి దేనికీ వాడను. చపాతీ పిండి జల్లించిన జల్లెడ సన్నటి రంధ్రాల్లో పిండి మిగిలే ఉంటుంది, ఎంత కడిగినా నమ్మడానికి వీల్లేదు.

కొనేవారు పొట్లం మీద గ్లూటెన్ రహితం అన్న ముద్ర చూసుకోవాలి. ఆ మాట రాయాలంటే కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకు మించకూడదని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం కూడా అదే.

ఆహారశాస్త్ర_విద్యార్థి

జపాన్‌లో ఉన్నవారికి ఇంకా మంచి సదుపాయం ఉంది. అక్కడి బియ్యప్పిండికి, అంటే కొమెకోకు, నాన్-గ్లూటెన్ అనే ప్రత్యేక ధ్రువీకరణ ఉన్నది. దాని పరిమితి కిలోకు 1 మిల్లీగ్రాము. ఆ ముద్ర ఉన్న పొట్లం దొరికితే నిషికసాయి అమ్మగారు ఇండియా నుంచి పిండి తెచ్చుకోనక్కరలేదు.

కర్రీ గట్టిపడటానికి కారణం కూడా ఆ పిండిలోనే ఉంది. పిండిపదార్థంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అనే రెండు రకాలు ఉంటాయి. పొడిపొడిగా ఉడికే మన బియ్యంలో అమైలోజ్ ఎక్కువ. అది చల్లారేటప్పుడు అణువులు మళ్ళీ దగ్గరికి చేరి గట్టిపడి, నీరు వదులుతుంది. అతుక్కునేలా ఉడికే జపాన్ పొట్టి బియ్యంలో అమైలోజ్ తక్కువ కనుక, ఆ పిండితో చేసిన కర్రీ చల్లారినా జారుగానే ఉంటుంది. ఫుడ్ జార్‌లో మధ్యాహ్నం వరకు ఉండవలసిన కర్రీకి ఈ తేడా చాలా ముఖ్యం. పిండిలో నాలుగో వంతు జిగురు బియ్యపు పిండి, అంటే అక్కడ మోచీలనే జిగురు బియ్యపు ఉండల కోసం అమ్మేది కలిపితే ఇంకా మంచిది. అందులో అమైలోజ్ దాదాపు ఉండదు, ఫ్రీజర్‌లో పెట్టి తీసినా నీరు విడవదు.

రుచి గురించి కూడా ఒక మాట. వేపినప్పుడు కమ్మటి వాసన రావాలంటే పిండిలో మాంసకృత్తులు, చక్కెరలు రెండూ ఉండాలి. బియ్యప్పిండిలో మాంసకృత్తులు గోధుమపిండిలో కన్నా తక్కువ. ఆ లోటు తీర్చడానికి వెన్న కరిగేటప్పుడు ఒక టేబుల్ స్పూను పాలపొడి వేసి ఎర్రబడనిస్తే సరిపోతుంది.

గోదారి_రుచులు

పాలపొడి కన్నా శనగపిండి మేలని నా అభిప్రాయం. బియ్యప్పిండి మూడు వంతులు, శనగపిండి ఒక వంతు కలిపి దోరగా వేపితే వచ్చే వాసన గోధుమ రూకు చాలా దగ్గరగా ఉంటుంది. నేను విజయవాడలో మా మనవరాలి కోసం అలాగే చేస్తాను. జొన్నపిండితోనూ ప్రయత్నించాను కానీ కర్రీ బూడిద రంగులోకి తిరిగి అంబలిలా అనిపించింది.

ఆహారశాస్త్ర_విద్యార్థి

శనగపిండి సూచన సబబైనదేనండి, మాంసకృత్తులు అందులో చాలా ఎక్కువ. అయితే నాలుగో వంతు దాటితే మజ్జిగ పులుసు రుచి వస్తుంది. శనగపిండి కూడా గోధుమతో కలిసి మర ఆడే అవకాశం ఉన్నదే కాబట్టి పొట్లం మీది ముద్ర చూడవలసిందే.

న్యూజెర్సీ_నాన్న

మేము ఈ తంటాలన్నీ పడకుండా బంగాళాదుంప పిండిని నీళ్ళలో కలిపి చివర్లో పోస్తాము. నిగనిగలాడుతూ చిక్కబడుతుంది. రూ చేయడం అవసరమా?

యొకొహామా_వంటిల్లు

అప్పటికప్పుడు తినేటట్లయితే మీ పద్ధతిలో తప్పేమీ లేదండి. కాకపోతే బంగాళాదుంప పిండి త్వరగా చిక్కబడి, ఎక్కువసేపు మరిగినా, ఎక్కువగా కలిపినా మళ్ళీ పలచబడిపోతుంది. పొద్దున చేసి మధ్యాహ్నం తినే కర్రీకి, మరునాడు వేడి చేసుకునే కర్రీకి అది నిలబడదు. పైగా కొవ్వు పైకి తేలి విడిపోయినట్లు కనిపిస్తుంది. రూలో పిండి గింజల చుట్టూ వెన్న ముందే పట్టి ఉంటుంది కాబట్టి, అవి ఉండకట్టకుండా సమంగా కలిసి నోటికి నునుపుగా తగులుతాయి.

అసలు చిక్కదనమే వద్దనుకునేవారికి వేరే దారి ఉంది. టోక్యోలోని షింజుకులో ఉన్న నకమురాయా అనే దుకాణంలో 1927 నుంచి భారతీయ పద్ధతి కర్రీ వడ్డిస్తున్నారు. బ్రిటిష్ ప్రభుత్వం నుంచి తప్పించుకుని 1915లో జపాన్ చేరిన విప్లవకారుడు రాస్ బిహారీ బోస్ ఆ దుకాణం యజమానుల ఇంటి అల్లుడయ్యారు, ఆ కర్రీ ఆయన చలవే. కానీ మన నిషికసాయి బాబు అడుగుతున్నది అది కాదు కదా!

నిషికసాయి_అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. నిజమేనండి, వాడికి చిక్కటిదే కావాలి. ఇప్పుడు సీసాల సంగతి చెప్పండి. ఇక్కడ అంగట్లో అలెర్జీ పదార్థాలు లేవని రాసిన రూ డబ్బాలు కూడా కనిపిస్తున్నాయి. అవి నేరుగా కొనుక్కోవచ్చా? బడిలోని పోషకాహార నిపుణురాలు సోయా సాస్ పరవాలేదన్నారు. అది సరైనదేనా?

ఆహారశాస్త్ర_విద్యార్థి

ఇది అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసిన విషయం. జపాన్‌లో సీలియాక్ వ్యాధి చాలా అరుదు. అందువల్ల బడివారు దాన్ని గోధుమ అలెర్జీగానే అర్థం చేసుకుంటారు. గోధుమ అలెర్జీ ఉన్న పిల్లలకు సోయా సాస్‌ను సాధారణంగా మానిపించరు, ఎందుకంటే పులిసేటప్పుడు గోధుమలోని మాంసకృత్తులు చిన్న చిన్న ముక్కలుగా విడిపోతాయి. ఆమె చెప్పింది ఆ లెక్క ప్రకారం సరైనదే. సీలియాక్ ఉన్నవారికి మాత్రం ఆ లెక్క వర్తించదు. గోధుమతో పులియబెట్టిన సోయా సాస్‌ను వారు వాడకూడదు. మామూలు జపాన్ సోయా సాస్‌లో సోయా చిక్కుళ్ళు, గోధుమలు దాదాపు చెరి సగం ఉంటాయి. తమారిలో ప్రధానంగా సోయానే ఉంటుంది కానీ కొన్ని రకాల్లో కొద్దిగా గోధుమ కూడా వేస్తారు కనుక తమారి అన్న పేరు ఒక్కటే చూసి కొనవద్దు.

అలెర్జీ రహిత రూ డబ్బాల విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. జపాన్ చట్టం ప్రకారం గోధుమ ఉంటే తప్పనిసరిగా డబ్బా మీద రాయాలి. బార్లీ, రై ఆ తప్పనిసరి జాబితాలో లేవు. కాబట్టి గోధుమ లేదన్న డబ్బాలో బార్లీ మాల్ట్ ఉండే అవకాశం ఉంది. పదార్థాల వరుసలో కొముగి అంటే గోధుమ, ఓముగి అంటే బార్లీ, బకుగా అంటే మాల్ట్. ఈ మూడు మాటల అక్షరాలనూ ఫోనులో దాచుకుని పోల్చి చూసుకోండి.

యొకొహామా_వంటిల్లు

దీనికి నా వంటింటి అనుభవం జోడిస్తాను. వూస్టర్ సాస్‌లో మాల్ట్ వెనిగర్ గానీ సోయా సాస్ గానీ ఉండవచ్చు, నేను దాన్ని పూర్తిగా మానేశాను. దాని బదులు ఒక టీస్పూను చింతపండు గుజ్జు, అర టీస్పూను బెల్లం, ఒక లవంగం పొడి, తమారి చుక్క కలిపితే ఆ పులుపూ తీపీ దొరుకుతాయి. జపాన్‌లో ధాన్యపు వెనిగర్ అని అమ్మేదానిలో గోధుమ ఉండవచ్చు కాబట్టి బియ్యపు వెనిగర్ తీసుకోండి. ఘనపు స్టాక్ బిళ్ళలు, దాషి (జపాన్ వంటల్లో వాడే రసం) పొడులు కూడా అనుమానించదగినవే. కొంబు అనే ఎండు సముద్రపు నాచు ముక్క ఒకటి నానబెట్టిన నీళ్ళు అంతకన్నా మంచి రుచినిస్తాయి.

పక్కన నంజుకునే ఎర్రటి ఫుకుజిన్‌జుకె పచ్చడి సోయా సాస్‌లో ఊరినది. దాని బదులు తీపి వెనిగర్‌లో ఊరవేసిన రక్యో ఉల్లిపాయలు చూసుకోండి, సీసా మీది పదార్థాలు చదివే కొనండి. బడిలో తాగడానికి ఇచ్చే ముగిచా అనే టీ బార్లీదే. అది వంటింటి విషయం కాకపోయినా కర్రీ పక్కనే ఉండేది కాబట్టి గుర్తు చేస్తున్నాను. అలాగే కొన్ని చోట్ల కర్రీని బార్లీ కలిపిన అన్నంతో వడ్డిస్తారు. వెనుకటి నౌకాదళంలో తెల్ల బియ్యం మాత్రమే తినేవారికి బెరిబెరి అనే జబ్బు వస్తోందని వైద్యుడు తకాకి కనెహిరో 1880లలో ఆహారం మార్పించారు, అన్నంలో బార్లీ కలపడం దానిలో భాగమే. ఆరోగ్యానికి మంచిదని ఎవరైనా ఆ అన్నం పెట్టబోతే వద్దని బాబుకు ముందే చెప్పి ఉంచండి.

పిండిమర_కబుర్లు

కర్రీ పొడి సంగతి ఎవరూ మాట్లాడలేదు. కొన్ని పొడుల్లో గోధుమపిండి కలుపుతారు. మన వాళ్ళు వాసన కోసం ఇంగువ వేయాలని చూస్తారు, బజారులో దొరికే కలిపిన ఇంగువలో ఎక్కువగా మైదానో గోధుమపిండో ఉంటుంది. సాంబారు పొడిలో అదే ఇంగువ ఉంటుంది. కాబట్టి ఇంట్లో ఉన్న సాంబారు పొడిని కర్రీ పొడికి బదులు వాడే ఆలోచన మానుకోవడం మంచిది.

నేను ఇంట్లోనే దంచుకుంటాను. ధనియాలు రెండు టేబుల్ స్పూన్లు, పసుపు ఒకటి, జీలకర్ర రెండు టీస్పూన్లు, సోంపు, మెంతులు ఒక్కో టీస్పూను, మిరియాలు అర టీస్పూను, యాలకులు నాలుగు, లవంగాలు మూడు, చిన్న దాల్చిన చెక్క, ఒక పలావు ఆకు, శొంఠి కొద్దిగా, ఎండుమిర్చి ఒకటి. పసుపు, శొంఠి తప్ప మిగిలినవన్నీ విడివిడిగా వేయించాలి. మెంతులు మాడితే మొత్తం పాడవుతుంది. జపాన్ రుచి రావాలంటే వీటికి తోడు నీడన ఎండబెట్టిన కమలా తొక్క పొడి ఒక టీస్పూను వేయాలి. ఆవాలు, కరివేపాకు దరిదాపులకు రానివ్వకూడదు, అవి పడిన మరుక్షణం అది మన కూర అయిపోతుంది. మూత గట్టిగా పెట్టి కొన్నాళ్ళు నిలవ ఉంచితే వాసనలు కలిసిపోతాయి.

గోదారి_రుచులు

మా మనవరాలికి తీపి కోసం తేనె వేస్తాను. ఒక్కోసారి అప్పటిదాకా చిక్కగా ఉన్న కర్రీ కాసేపటికి నీళ్ళైపోతోంది. దీనికి కారణం ఎవరైనా చెప్పగలరా?

ఆహారశాస్త్ర_విద్యార్థి

కారణం తేనేనండి. పచ్చి తేనెలో అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది పిండిపదార్థాన్ని తెంచి పలచన చేస్తుంది. చివర్లో వేసి దించేస్తే అది చావదు. కూరగాయలు ఉడుకుతున్నప్పుడే, రూ వేయడానికి ముందే తేనె వేసి ఇరవై నిమిషాలు బాగా మరిగించండి. రుచి చూసిన గరిటెను మళ్ళీ గిన్నెలో పెట్టడం కూడా అలాంటి పనే చేస్తుంది, లాలాజలంలోనూ అదే రకం ఎంజైము ఉంటుంది.

న్యూజెర్సీ_నాన్న

అన్నం గురించి కూడా చెప్పండి. మాకు ఇక్కడ కాలిఫోర్నియాలో పండే కాల్‌రోజ్ బియ్యం దొరుకుతుంది, సోనా మసూరి కూడా ఉంది. మా అమ్మాయికి కట్సు కర్రీ, అంటే రొట్టె పొడి పట్టించి వేయించిన మాంసపు ముక్కతో పెట్టే కర్రీ, ఇష్టం. రొట్టె పొడి బదులు ఏమి వాడాలి?

యొకొహామా_వంటిల్లు

కాల్‌రోజ్ చక్కగా సరిపోతుంది. నీళ్ళు తేటపడేవరకు కడిగి, అరగంట నానబెట్టి, వడకట్టి, బియ్యానికి ఒకటింపావు మించకుండా నీళ్ళు పోసి వండి, పది నిమిషాలు మూత తీయకుండా మగ్గనివ్వండి. సోనా మసూరితోనూ తినవచ్చు కానీ మెతుకు విడివిడిగా ఉండి కర్రీ పళ్ళెం అడుగుకు జారిపోతుంది. వాడేటట్లయితే నీళ్ళు కాస్త ఎక్కువ పోసి మెత్తగా వండండి.

కట్సు ముక్కకు బియ్యప్పిండి అద్ది, గిలకొట్టిన గుడ్డులో ముంచి, అటుకుల రవ్వ పట్టించి వేయించండి. దళసరి అటుకులను మూకుడులో వెచ్చచేసి చేత్తో నలిపితే పెద్ద పలుకులు, చిన్న పలుకులు కలిసి వస్తాయి. మరీ పొడి చేయవద్దు, పలుకుల వల్లే కరకర వస్తుంది. మొక్కజొన్న ఫ్లేక్స్ వాడేవారు గమనించాలి, చాలా వాటిలో బార్లీ మాల్ట్ ఉంటుంది. పూరీలు, సమోసాలు వేయించిన నూనెలో ఈ ముక్కలు వేయకూడదు.

నిషికసాయి_అమ్మ

మీరు చెప్పినట్లే నాన్-గ్లూటెన్ ముద్ర ఉన్న కొమెకో తెచ్చి, నాలుగో వంతు మోచీ పిండి కలిపి, పాలపొడి వేసిన వెన్నతో రూ చేశాను. కర్రీ మధ్యాహ్నం వరకు జారుగానే ఉన్నదని, రంగు కూడా బడిలో పెట్టేదానిలాగే ఉన్నదని మావాడు చెప్పాడు. తీపి మాత్రం ఇంకొంచెం కావాలట! డబ్బా రూలలో గొడ్డు కొవ్వు ఉండటం చూసి ఇంట్లో పెద్దవాళ్ళు ఇన్నాళ్ళూ కర్రీ ముట్టలేదు. వెన్నతో చేసినది కాబట్టి వారూ తిన్నారు. మరొక సందేహం. ఇక్కడివారు మరునాటి కర్రీయే రుచి అంటారు. రాత్రి వండి పొయ్యి మీదే ఉంచి పొద్దున జార్‌లో పోయవచ్చా?

ఆహారశాస్త్ర_విద్యార్థి

దయచేసి అలా చేయవద్దు. చిక్కటి కర్రీ పెద్ద గిన్నెలో చాలా నెమ్మదిగా చల్లారుతుంది. ఆ గోరువెచ్చని స్థితిలో, గాలి తగలని అడుగుభాగంలో క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దాని బీజాలు మామూలు మరుగుకు చావవు. జపాన్‌లో రాత్రంతా బయట ఉంచిన కర్రీ వల్ల జరిగే ఆహార కలుషితానికి ఇదే పేరుపడిన కారణం. వండగానే వెడల్పాటి, లోతు తక్కువ ఉన్న పళ్ళేలలోకి తీసి, వాటిని చల్లటి నీళ్ళలో ఉంచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున అడుగు నుంచి కలుపుతూ బాగా మరిగించి, మరిగే నీళ్ళతో ముందే వేడి చేసి ఉంచిన జార్‌లో పోయండి.

యొకొహామా_వంటిల్లు

ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు బంగాళాదుంప ముక్కలు తీసేయండి, లేదా మెదిపి కలిపేయండి. గడ్డకట్టి కరిగాక ముక్కలు నీరు వదిలి పీచుపీచుగా అవుతాయి. తీపి పెంచాలంటే చక్కెర వేయకుండా ఆపిల్ తురుమును సగం నుంచి ఒకటికి పెంచి, ఉల్లిపాయలతో పాటే మగ్గించి చూడండి. పిల్లలకు అదే నచ్చుతుంది.